తిరుత్తణి కంప్యూటర్లో ఎర్రప్ప పాటలు

తిరుత్తణి వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో అందరూ అడిగేది ఒకటే, "దర్శనం బాగా అయిందా?" అని. అయిందనే చెబుతున్నాను. మిగతాది చెప్పడానికి నోరు రాక ఇన్నాళ్ళు ఊరుకున్నాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం దారిలో చూసినవీ తిన్నవీ రాద్దామని కూర్చుంటే, అసలు సంగతి వదిలేసి రాయడం కుదరలేదు.

ఫోన్లో చూసిన ఊళ్ళు

ఊరూరా ఉన్న కొట్ల కంప్యూటర్లను ఇంట్లో కూర్చుని చూసుకోవడం నా పని. నా ఫోన్లో ఒక్కో కంప్యూటర్ పేరు పక్కన చిన్న చుక్క ఉంటుంది. పచ్చగా ఉంటే అంతా బాగున్నట్టు. ఎర్రగా మారిందంటే ఎక్కడో ఏదో ఆగిపోయినట్టు. ఆ పేరు మీద వేలు పెడితే అక్కడి కంప్యూటర్ తెర మొత్తం నా అరచేతిలోకి వచ్చేస్తుంది. మొరాయించిన ప్రింటర్‌ను కదిలించడం, స్తంభించిన బిల్లింగును మళ్ళీ మొదలుపెట్టడం, వైరస్‌లు తుడవడం, అన్నీ బొటనవేలితోనే. కూరగాయల బజారులో నిలబడి చేశాను. పెళ్ళి భోజనాల బంతిలో కూర్చుని ఎడంచేత్తో చేశాను.

అలా చూసుకునేవాటిలో తిరువళ్ళూరు రంగయ్య శెట్టిగారి కొట్లు ఉన్నాయి. విత్తనాలు, ఎరువులు, బావి మోటార్లు అమ్ముతారు. పెద్ద కొట్టు తిరువళ్ళూరులో, ఇంకో రెండు తిరుత్తణిలో, ఆరణిలో. తరాల కిందట తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబం. వాళ్ళతో నా స్నేహమంతా గొంతులతోనే. ముఖ్యంగా తిరుత్తణి కొట్లో బిల్లులు కొట్టే మునెమ్మక్కతో. "పాపా, మళ్ళా నిలిచిపోయిందే!" అని ఆమె ఫోన్ చేస్తే, పని అయ్యాక కూడా ఇద్దరం కాసేపు మాట్లాడుకునేవాళ్ళం. "ఒకసారి రా పాపా, కొండకు పోదాం" అని ఎన్నిసార్లు పిలిచిందో.

తిరువళ్ళూరు కొట్లో తీగలన్నీ పాతబడ్డాయని, ఈసారి ఫోన్లోంచి అయ్యే పని కాదని శెట్టిగారు కబురు పెట్టడంతో చివరికి బయల్దేరాను.

తిరువళ్ళూరులో పొద్దున

చెన్నై సెంట్రల్లో కరెంటు రైలెక్కి తిరువళ్ళూరులో దిగేసరికి ఆకలి దంచేస్తోంది. స్టేషన్ దగ్గర చిన్న హోటల్లో పొంగలి, వడ చెప్పాను. మా వైపు టిఫినంటే అల్లం పచ్చడి, కారప్పొడి అడగకుండానే పక్కన చేరతాయి. ఇక్కడ సాంబారు బకెట్టు పట్టుకున్న మనిషి నా చుట్టూనే తిరుగుతున్నాడు. ఆకులో చోటు కనిపిస్తే చాలు, పోసేస్తున్నాడు. "చాలు చాలు" అన్నాను.

"ఆంధ్రావా? ముందే చెప్పకూడదా!" అన్నాడు, తమిళంలోంచి తెలుగులోకి దూకేసి. "కారం కావల్లంటే మిరపొడి, నూనె ఉండాది. ఎత్తుకొని రానా?"

తెచ్చాడు. కడుపు నిండా తిని, ఇత్తడి గ్లాసులో నురగ కాఫీ తాగినా, బిల్లు మా ఊళ్ళో ఒక మంచి దోసెకయ్యేంత కూడా కాలేదు.

వీరరాఘవస్వామి గుడి ముందు ఉప్పు, మిరియాలు పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. ఒంట్లో నలత తగ్గాలని మొక్కుకున్నవాళ్ళు అవి స్వామికి సమర్పిస్తారట. "నీకు ఏం నొప్పి తల్లీ?" అని పొట్లాలమ్మే ఆవిడ అడిగింది. నొప్పులేం లేవన్నాను. "అయితే ఇంట్లోవాళ్ళకు ఉంటాది, తీసుకో" అని చేతిలో పెట్టేసింది. కాదనలేకపోయాను.

శెట్టిగారు నేను ఊహించుకున్న దానికంటే చాలా చిన్న మనిషి. తెల్ల పంచె, నుదుట కుంకుమ. నన్ను చూడగానే, "రామ్మా రా, ఇన్నాళ్ళకు గొంతుకు మొహం దొరికింది" అన్నారు.

గల్లాపెట్టె కింద దూరి తీగల పని మొదలుపెట్టాను. ఆ కొట్లో లైను బలహీనంగా ఉందని నా ఫోన్ ఎప్పుడూ చెబుతూనే ఉండేది. ఆ బలహీనత అసలు రూపం ఇప్పుడు చూశాను. ఎలుక కొరికిన తీగ, దాని పక్కన పెట్టెలో చీమల పుట్ట. చీమలు మోచేయి దాకా పాకి కుట్టాయి. శెట్టిగారి భార్య వచ్చి సున్నం రాసింది.

ఫోన్లో ఎర్రచుక్క

మధ్యాహ్నం పనంతా అయ్యాక కొట్టు ముందు బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాం. తిరుత్తణి చుక్క ఎర్రబడింది. అదే సమయానికి శెట్టిగారికి అక్కడినుంచి ఫోన్ వచ్చింది.

"ఏమ్మా, తిరుత్తణిలో బిల్లు పడలేదంట. జనం నిలబడుకోనుండారు. చూస్తావా?"

"మునెమ్మక్క లేదా అక్కడ?"

"ఈ పొద్దు లీవు. వాళ్ళ అన్న ఊరికి పోయింది. ఆమె బదులు వేరే గుమాస్తా ఉండాడు."

ఫోన్లో ఆ కంప్యూటర్ తెరిచాను. డిస్కు నిండిపోయింది. కొత్త బిల్లు రాసుకోవడానికి చోటు లేదు. చోటంతా ఎవరు తింటున్నారా అని చూస్తే, 'పాట్టు', అంటే తమిళంలో పాట, అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరున్న ఒక ఫోల్డర్ కనిపించింది. నిండా పెద్ద పెద్ద ఆడియో ఫైళ్ళు. వాటికి పేర్లు లేవు, అంకెలే.

శెట్టిగారి ఫోన్లోనే గుమాస్తాను అడిగాను. "ఈ పాటలు ఎవరివండీ?"

"ఏందో పాట్లు మేడమ్. నేను ఎక్కియ్యలేదు. ముందు బిల్లు పడేట్టు చెయ్యండి, అరుస్తా ఉండారు."

కొట్ల కంప్యూటర్లలో సినిమా పాటలు నింపి పెట్టడం నాకు కొత్త కాదు. అలాంటివి ఎన్నోచోట్ల తుడిచాను. బొటనవేలితో ఫోల్డర్‌ను పట్టుకుని, చెత్తబుట్టలో కూడా మిగలకుండా పూర్తిగా తీసేశాను. బోలెడు చోటు దొరికింది కదా అని, చోటు లేక ఆగిపోయిన అప్‌డేట్లన్నీ ఎక్కించుకోమని ఆ కంప్యూటర్‌కు చెప్పాను. చుక్క పచ్చబడింది.

"పడిందంట! బిల్లు పడిందంట!" అన్నారు శెట్టిగారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే. తర్వాత కొట్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, "చూసినారా? ఈడ కాఫీ తాగతా ఆడ రిపేరీ చేసేసింది. భలేదానివమ్మా!" అన్నారు.

ఎరువు బస్తా కోసం వచ్చిన రైతు ఒకాయన నా ఫోన్ వంక వంగి చూశాడు. నేను నవ్వుతూ చూపించాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

రైల్లో ఒకావిడ

మర్నాడు ఉదయం తిరుత్తణి రైలెక్కాను. నా ఎదురుగా కొండకు మొక్కు చెల్లించడానికి వెళుతున్న కుటుంబం. పసుపు బట్టలు, ఒళ్ళో పూల కావడి. ఆ ఇంటి పెద్దావిడ నాకు చింతపండు పులిహోర పెట్టింది. మా పులిహోరలో వేరుశనగలూ మిరపకాయలూ పైకి తేలుతుంటాయి. ఇది నల్లగా, తియ్యగా, మిరియాల ఘాటుతో ఉంది. అడిగి రెండోసారి పెట్టించుకున్నాను.

"నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగింది. ఫోన్ తీసి చుక్కలు చూపించి చెప్పాను.

"అయితే ఆడ కూర్చోనుండేవాళ్ళు ఏం చేస్తా ఉండారో నీకు ఈడనుంచే తెలుస్తాదా?"

"తెర మీద ఏముందో కనిపిస్తుందండీ."

"మనుషులు అగపడరా?"

"మనుషులు కనబడరు."

"ఓహో" అని, కావడి మీద జారిన పూలదండ సరిచేసుకుంటూ ఉండిపోయింది.

కొండ మీద, కొండ కింద

తిరుత్తణి కొండ మీద తమిళమెంత వినబడుతుందో తెలుగూ అంతే వినబడుతుంది. గుండ్లు చేయించుకుని గంధం పూసుకున్నవాళ్ళు మెట్ల నిండా. చిత్తూరు వైపు వాళ్ళు స్వామిని తమ ఇంటి అల్లుణ్ణి పలకరించినట్టు పలకరిస్తున్నారు. దర్శనం నిజంగానే బాగా అయింది. కిందికి వచ్చి చూస్తే నా చెప్పులు లేవు. వాటి చోట ఎవరివో ఒకే ఒక్క మగచెప్పు ఉంది. ఎండలో కాలే రోడ్డు మీద గెంతుకుంటూ శెట్టిగారి కొట్టు చేరాను.

గల్లా దగ్గర పొడుగాటి మనిషి, తెల్లబడుతున్న జుట్టు, ముక్కుకు ఎర్రరాయి. నన్నూ నా కాళ్ళనూ చూసి లేచి నిలబడింది.

"నువ్వేనా పాపా? గొంతు విని ఎంత లావుంటావో అనుకొన్న్యా! చెప్పులు యాడ?"

పోయాయన్నాను. మునెమ్మక్క తన చెప్పులు విప్పి నా ముందు పెట్టి, తను ఉత్త కాళ్ళతోనే లోపలికి తీసుకెళ్ళింది. ఎరువుల బస్తాల మధ్య చాప వేసి క్యారియర్ విప్పింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, వంకాయ పులుసు. సంగటి ముద్దను నమలకుండా మింగాలని నేర్పించింది. నేను నమిలితే నవ్వింది. ఇన్నేళ్ళు ఎందుకు రాలేదా అనిపించింది నాకు.

చేతులు కడుక్కున్నాక, "రా పాపా. నీకొకటి వినిపియ్యల్ల" అంది.

ఆమె నాన్న ఎర్రప్ప. ఊరు అత్తిమంజేరిపేట. పోయిన ఎండాకాలం పోయాడు. వయసులో ఉన్నప్పుడు ఏతాం దగ్గర పనిచేసిన మనిషి. ఏతామంటే బావి మీద త్రాసులా ఊగే పొడుగాటి దూలం. ఒక కొసకు నీళ్ళబాన వేలాడుతుంది. దూలం మీద ఒకడు ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన బావిలో మునిగి పైకి వస్తుంది. గట్టున నిలబడ్డవాడు దాన్ని పట్టి కాలవలో వంచుతాడు. అలుపు తెలియకుండా బాన పట్టేవాడు ఒక్కో బానకు ఒక్కో చరణం పాడతాడు. పైన నడిచేవాడు బదులు పలుకుతాడు. ఎర్రప్ప బాన పట్టి పాడేవాడు. మోటార్లు వచ్చాక ఏతాలూ పోయాయి, ఆ పాటలూ పోయాయి.

"నాయన మంచాన పడినాక ఒగొక్క ఆదివారం పోయి కూర్చొని పాడిచ్చినా. దగ్గతా, దమ్ము పట్టుకొంటా పాడినాడు. నా ఫోన్ నిండిపోతే ఈ కంప్యూటర్లోకి ఎత్తుకోని, ఫోన్లో తీసేస్తా వచ్చినా. కంప్యూటరైతే నువ్వు చూసుకొంటా ఉంటావు గదా, యాడికీ పోదు అనుకొన్న్యా." మౌస్ పట్టుకుని తెరలో వెతుకుతూనే అంది. "నువ్వొస్తే అడగల్లని పెట్టుకొన్న్యా, శాశ్వతంగా ఉండేట్టు ఇంగ యాడన్నా దాస్తావేమోనని... యాడికి పోయింది ఇది? ఈడనే ఉండల్లే, పాట్టు అని."

ఆమె వెతకడం ఆపలేదు. పైకీ కిందికీ, మళ్ళీ పైకి.

"అక్కా," అన్నాను. "నేనే తీసేశాను. నిన్న. సినిమా పాటలనుకున్నాను."

ఆమె నా వైపు తిరిగింది. కొంచెంసేపు నా మాట అర్థం కానట్టే చూసింది. ఇంతలో ఎవరో రైతు వచ్చి టమేటా విత్తనాలడిగాడు. పొట్లం ఇచ్చి, బిల్లు కొట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. అతను వెళ్ళాక అంది.

"అడగల్లని తోచలేదా పాపా? ఒగ ఫోను. నా నెంబరు నీ దగ్గర ఉండాది గదా."

ఉంది. ఫోన్ చేయడానికి, తీసేయడానికి పట్టినంత సమయం కూడా పట్టేది కాదు.

మిగిలింది

తుడిచిన ఫైళ్ళు వెంటనే మాయం కావు. వాటి చోటు ఖాళీ అని కంప్యూటర్ అనుకుంటుంది, అంతే. ఆ చోట ఇంకేదైనా రాసేదాకా పాతది అడుగున ఉంటుంది. అందుకని వెంటనే కంప్యూటర్ ఆపించి, డిస్కు ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కు తగిలించి, తుడిచినవాటిని వెతికే ప్రోగ్రాం నడిపించాను. మునెమ్మక్క నా పక్కనే బస్తా మీద కూర్చుంది. తెరనే చూస్తోంది.

అంకెల పేర్లు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఆమె నా భుజం పట్టుకుంది. "అయ్యే! నాయనవి అయ్యే పాపా!"

మొదటిది తెరిచాను. తెరుచుకోలేదు. రెండోదీ అంతే. ఆ తర్వాత దానిలో గరగరమనే చప్పుడు. అప్పుడు గుర్తుకొచ్చింది, చోటు దొరికింది కదా అని నేను ఎక్కించమన్న అప్‌డేట్లు. నిన్న మధ్యాహ్నం నుంచి పొద్దుటిదాకా అవి వచ్చి, సరిగ్గా ఆ ఖాళీలోనే కూర్చున్నాయి. ఎర్రప్ప పాటల మీద. ఈ సంగతి కూడా ఆమెకు చెప్పాను. తల ఊపింది. అర్థమైందో, అర్థం చేసుకునే ఓపిక లేదో.

పేర్లన్నీ అయిపోవస్తుండగా ఒకదానిలో మనిషి గొంతు వినిపించింది. ముందు దగ్గు. తర్వాత, "ఎత్తుకుంటా ఉండాదా మే, అది?" అని, రికార్డవుతోందా అన్నట్టు అడగడం. ఉందన్నట్టు మునెమ్మక్క గొంతు. గాలి పీల్చుకున్న చప్పుడు. సన్నటి, వణుకుతున్న, కానీ శ్రుతి తప్పని గొంతు:

"నిండె నిండె బాన నిండె, నడువు రా తమ్ముడా..."

అక్కడితో తెగిపోయింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే అక్కా."

ఆమె అనుమతితో ఆ డిస్కును తర్వాత చెన్నైలో ఇలాంటివి తీసిపెట్టేవాళ్ళకు కూడా ఇచ్చి చూశాను. వాళ్ళూ అంతకంటే ఏమీ తీయలేకపోయారు.

ఆ సాయంత్రం తిరుగురైలు ఎక్కాల్సినదాన్ని. మునెమ్మక్క వద్దంది. "రేప్పొద్దున ఊరికి పోదాం. ఎవురి ఫోన్లోనన్నా ఉంటాదేమో. నువ్వు గూడా రా. ఎట్ల ఎతకల్లనో నీకు తెలుస్తాది గదా." తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆమె ఇంకా నా పనితనాన్ని నమ్ముతోంది.

అత్తిమంజేరిపేట

బస్సు పొదటూరుపేట మీదుగా పోయింది. ఆ ఊళ్ళో కిటికీలోంచి మగ్గాల టకటక తప్ప ఇంకేమీ వినబడదు. ఊరు దాటాక చెరకు తోటలు, మామిడి తోపులు. మా డెల్టాలోలాగా కనుచూపు మేరా వరి కాదు. కాస్త పచ్చ, కాస్త రాయి. ఎక్కడ ఆంధ్రా అయిపోయి ఎక్కడ తమిళనాడు మొదలవుతుందో బోర్డులు చూస్తే తప్ప తెలియదు.

మునెమ్మక్క అన్న దొరస్వామి పొలంలో ఉన్నాడు. మేము వచ్చామని ఫోన్ తీసి ఏదో నొక్కితే అల్లంత దూరాన బావి మోటారు ఆగిపోయింది. మోటారుకు కూడా ఇప్పుడు ఫోన్లోంచే స్విచ్చి. "మీ మాదిరే మేమూ, మేడమ్" అని నవ్వాడు. జరిగింది చెల్లెలు చెప్పాక నవ్వు పోయింది.

"నా ఫోన్లో రొండు ఉన్న్యాయి గదమే," అన్నాడు ఆమెతో. "కొత్త ఫోన్ కొన్నప్పుడు అడిగినా గూడా నిన్ను. అన్నీ కొట్టు కంప్యూటర్లో భద్రంగా ఉండాయి, మన పాపే చూసుకుంటాది అంటివి. పాత ఫోన్ అంగట్లోనే ఇచ్చేస్తి."

మన పాప అంటే నేను. చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాను. అవీ ఆమెవే.

ఇంకో ఇద్దరు ముగ్గురిని అడిగాం. ఒకామె ఫోన్లో ఎర్రప్ప ఫోటో ఉంది, పాట లేదు. ఇంకొకాయన, "పాడతా ఉంటే విన్న్యాం గానీ, ఎత్తి పెట్టుకోల్లని మాకేం తెలుసు" అన్నాడు. మధ్యాహ్నానికి దొరస్వామి భార్య అందరికీ అన్నం పెట్టింది. నాకు ఇంకో గరిటె పులుసు కొసరి వడ్డించింది. ఆ ఇంట్లో నన్నొక్కరూ ఒక్క మాట అనలేదు.

చివరికి చెంగప్ప మామ ఇంటికి వెళ్ళాం. ఎర్రప్ప బాన పట్టిన రోజుల్లో దూలం మీద నడిచినవాడు ఈయన. బాగా ముసలివాడు. వసారాలో గోడకానుకుని కూర్చున్నాడు. చెవులు సరిగ్గా వినబడవు.

"మామా, నాయన పాటలు నీకేమన్నా వస్తాయా?" మునెమ్మక్క ఆయన చెవిలో అరిచింది. "నువ్వు పాడు, నేను ఎత్తుకుంటా."

ఆయన చెయ్యి అడ్డంగా ఆడించాడు. "అవి మీ నాయనవి. నాకు బదులు పలికేదే వచ్చు. వాడు ఎత్తుకుంటే నోటికి వచ్చేస్తాది. ఉత్తగా రాదు."

మునెమ్మక్క నా వైపు చూసింది. ఆ మిగిలిన ముక్కను అప్పటికే ఆమె ఫోన్లో వేసి ఇచ్చాను. సౌండు పూర్తిగా పెంచి, ఫోన్ ఆయన చెవికి ఆనించింది.

దగ్గు. "ఎత్తుకుంటా ఉండాదా మే, అది?" చెంగప్ప మామ నిటారుగా కూర్చున్నాడు. "ఎర్రన్న!" అన్నాడు. గాలి పీల్చిన చప్పుడు. "నిండె నిండె బాన నిండె, నడువు రా తమ్ముడా..."

ఆయన కాళ్ళు నేల మీద కదిలాయి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. పళ్ళులేని నోటితో, నేను అనుకోనంత పెద్ద గొంతుతో పలికాడు:

"నడిచినా అన్నయ్యా, నీళ్ళు చేను చేరెనా?"

అని ఆగాడు. ఫోన్ వైపు చెవి ఇంకాస్త వంచాడు.

"ఊఁ," అన్నాడు కాసేపటికి, విసుగ్గా. "అడిగినా గదా. చెప్పమను."

మునెమ్మక్క పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టింది.